శ్రుతి తప్పిన కరెంటు

గృహోపకరణముల లోకమున కీర్తి యొకరిది, కష్టము వేరొకరిది. బల్లమీద దర్జాగా కూర్చుండి పాడునదియు, పలుకునదియు, బొమ్మలు చూపునదియు అందరి కన్నులకు కనబడును. దానికి ప్రాణము పోయుచున్న నల్లని చిన్నపెట్టె మాత్రము బీరువా వెనుక దుమ్ములో, గోడనున్న ప్లగ్గును పట్టుకొని వ్రేలాడుచు, పగలనక రేయనక తన పని తాను చేసికొనిపోవుచు, ఒక్కనాడును ఒకరి మెప్పునకు నోచుకొనక కాలము వెళ్లబుచ్చును. ఇందులో వింత యేమియు లేదు. పోషించువానికంటె పోషింపబడువానికే పేరు వచ్చుట లోకములో పాతమాటయే. వింత యెక్కడనగా, ఆ ఉపకరణము మూలబడిన నాడు సైతము నింద దానిమీదనే పడును గాని ఈ పెట్టెమీద పడదు. వైఫై రౌటరు మాటిమాటికి ఆగి మరల మొదలగుచున్నచో రౌటరు చెడినదందుము, కాదేని కనెక్షను ఇచ్చినవానిని ఫోనులో దులిపివేయుదుము. టీవీ క్రింది సెట్‌టాప్ బాక్సు దీపము మిణుకుమిణుకుమనుచున్నచో కేబులు కుర్రవానికి కబురంపుదుము. అడాప్టరు పేరు విచారణలో చిట్టచివరకు వచ్చును, అనేక పర్యాయములు కొత్త వస్తువు కొనితెచ్చిన పిమ్మటగాని రానేరాదు.

మొర యొకచోట, రోగ మొకచోట నున్నపుడు మొర వినవచ్చిన చోటనే మందు పూయుట మనుష్య స్వభావము. పైగా అడాప్టరునకు నోరు లేదు. ఉన్నదొక్క చిన్న దీపము. కొన్నింటికి అదియు లేదు. ఆ దీపము వెలుగుచున్నంతకాలము పెట్టె నిక్షేపముగా నున్నదని మనము నిశ్చయించుకొందుము. కాని దీపమునకు కావలసినది కొద్దిపాటి మిల్లీ ఆంపియర్లు, పరికరమునకు కావలసినది దానికి ఎన్నియో రెట్లు. మొదటిది ఇవ్వగలుగుట రెండవది ఇవ్వగలదనుటకు సాక్ష్యము కానేరదు.

అసలీ పెట్టె మన యింటి కేల రావలసివచ్చినదో కొంచెము చెప్పుకొనవలెను. 1882లో న్యూయార్కు నగరమున పెర్ల్ వీథిలో ఎడిసన్ నెలకొల్పిన విద్యుత్కేంద్రము పంపినది ఏకముఖముగా ప్రవహించు డీసీ. అది దూరము పోజాలదు, పోయినకొలది తీగలలోనే హరించుకొనిపోవును. 1885లో బుడాపెస్టున ముగ్గురు ఇంజనీర్లు ట్రాన్స్‌ఫార్మరును పనికివచ్చు రూపమునకు తెచ్చిన పిమ్మట, దిక్కు మార్చుకొనుచు సాగు ఏసీని ఇచ్ఛవచ్చినట్లు పెంచి దూరప్రాంతములకు పంపుటయు, ఇంటికడ మరల తగ్గించుకొనుటయు సుకరమైనవి. ఏసీని చేపట్టిన వెస్టింగ్‌హౌస్ పక్షము గెలిచినది, డీసీని పట్టుకొనియున్న ఎడిసన్ పక్షము ఓడినది. ఆ తీర్పు ననుసరించియే నేడు మన గోడలోనికి 230 వోల్టుల ఏసీ వచ్చుచున్నది. కాని తరువాతి కాలమున పుట్టిన ట్రాన్సిస్టరులును, చిప్పులును ఓడినవాని పక్షమునే వహించినవి. వానికి డీసీయే కావలెను, అదియు 5, 9, 12 వోల్టుల మాత్రము చాలును. అందుచేత గోడ యంతయు గెలిచినవాని రాజ్యము, బల్లమీది పరికరములన్నియు ఓడినవాని జాగీరులు. పందొమ్మిదవ శతాబ్దపు తగవు ఈనాటికిని ఇంటింట ఆ నల్లపెట్టెలోనే రాజీపడుచుండును.

మా మేనకోడలు సంగీతము నేర్చుకొనుచున్నది. ఐదు శ్రుతిలో పాడును. ఆమె యొద్ద చాలకాలముగా నొక ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె యున్నది. దానితో వచ్చిన అడాప్టరు పాతజాతికి చెందినది: చేతబట్టిన బరువుగా నుండును, లోపల ఇనుపరేకుల ట్రాన్స్‌ఫార్మరు, వెలుపల 12 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు అను ముద్ర. ఈ శ్రుతిపెట్టె ఇటీవల తంబుర నాదముతోపాటు ఒక మ్రోతను కూడ వినిపింప నారంభించెను. దుకాణమున చూపగా, "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అని ఒక్కమాటలో తేల్చివేసిరట. పిల్ల దానిని నా యొద్దకు తెచ్చి, "మోత ఉంటే ఉండనీ మామయ్యా, సర్దుకుంటాను. కానీ నేను పాడుతుంటే ఏదో ఊగుతున్నట్టుంటోంది, గొంతు నిలవడం లేదు" అన్నది.

ఆ మాటలోనే సగము రోగనిదాన మున్నది. శ్రుతిని నాలుగునకు దించి చూచితిమి. ఊపు పోయినది, మ్రోత మాత్రము నిలిచియున్నది. ఐదున్నరకు పెంచితిమి, ఊపు మరల వచ్చుటయే గాక మునుపటికంటె వేగిరపడినది. తంబుర స్వరములన్నియు మనము త్రిప్పినట్లు పైకిని క్రిందికిని పోవుచుండగా, ఈ మ్రోత యొక్కటి మాత్రము కదలక మెదలక తన స్థాయియందే బిగుసుకొని కూర్చుండుటనుబట్టి, అది శ్రుతిపెట్టె కడుపున పుట్టిన ధ్వని గాదనియు, వెలుపలినుండి చొరబడినదనియు స్పష్టమైనది. లెక్కయు దీనికి సరిపోయినది. మన కరెంటు సెకనునకు 50 మార్లు ఊగును. అడాప్టరులోని డయోడ్లు ఆ యూపులో క్రిందిసగమును కూడ పైకి త్రిప్పుటచేత అది 100 అగును. దాని వెంట దాని రెట్టింపు 200 కూడ మ్రోగును. ఐదు శ్రుతి షడ్జము 196. ఒకటి 196, మరియొకటి 200 ఏకకాలమున మ్రోగినచో సెకనునకు నాలుగు అలలు లేచును. పిల్ల చెప్పిన ఊపు అదియే. ఐదున్నర షడ్జము ఇంచుమించు 208 గనుక అచట అలలు ఎనిమిది. నాలుగు శ్రుతిలో షడ్జము 175 దరిని, పంచమము 262 దరిని ఉండుటచే 200తో చెప్పుకొనదగిన రాపిడి లేదు. బోర్డు పోయినదని తీర్పు చెప్పిన దుకాణదారు ఒక్క నిమిషము చెవి యొగ్గియుండిన ఈ సంగతి ఆయనకును తెలిసియుండును.

ఇంతకును ఆ మ్రోత ఎవరి గొంతు? ఇబ్రహీంపట్నములో నేమి, రామగుండములో నేమి, బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమున టర్బైను నిమిషమునకు 3000 మార్లు తిరుగును, అనగా సెకనునకు 50. పిల్ల గదిలోనికి చొరబడి తోడిరాగము తీసినది ఆ టర్బైనే. పూర్వము దక్షిణాది గ్రిడ్డు శ్రుతి వేరు, తక్కిన దేశపు శ్రుతి వేరు. 2012 జూలై నెలాఖరున ఉత్తరదేశము చీకటిలో మునిగినపుడు మన దీపములు ఆరకుండుటకు ఆ వేరుపాటే కారణము. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల నడిమి లైను ద్వారా రెండును కలిసినవి, నాటినుండి దేశపు గ్రిడ్డంతయు ఒక్క శ్రుతిలో నడచుచున్నది. వాడకము హెచ్చిన శ్రుతి దిగును, తగ్గిన ఎక్కును; దానిని 49.90కిని 50.05కిని నడుమ నిలుపవలెనని నియమము. అంత కట్టుదిట్టమైన శ్రుతిశుద్ధి మన కచేరీలలో ఎన్నింట వినగలమో రసికులే చెప్పవలెను. కాని దాని దురదృష్టమేమనగా, 100 అనునది ఐదు శ్రుతికిని ఐదున్నర శ్రుతికిని నడుమ ఇరుకుకొన్న స్థానము. ఎవరితో పాడినను అపస్వరమే.

దోషము వెలుపలిదని తేలినది. వెలుపల ననగా ఎచ్చట? గోడలోనా, తీగలోనా, పెట్టెలోనా? సూచీకటాహ న్యాయమని మన తార్కికు లొకటి చెప్పుదురు. సూదియు బానయు చేయవలసివచ్చిన కమ్మరి ముందు సూదిపని ముగించుకొని పిదప బానకు పూనుకొనునట. మరమ్మతు విషయమున ఇంతకు మించిన సూత్రము లేదు. అడాప్టరును మరియొక స్విచ్చుబోర్డులో పెట్టి చూచుట, పిన్ను వదులుగా నున్నదేమో చూచుట, తీగ పెట్టెను వీడుచోటను, పిన్నును చేరుచోటను మెల్లగా వంచి చూచుట, ఇవి సూదిపనులు. వంచినపుడు ప్రాణము వచ్చి వదలినపుడు పోవుచున్నచో లోపల తీగ తెగినదని అర్థము; తీగను పెట్టెకు బిగించి చుట్టి సొరుగులో పడవేయు మన అలవాటే ఈ మెడతెగులునకు మూలకారణము. కొందరు పెట్టెను అరచేతితో తట్టుదురు, ఒక్కొక్కప్పుడు బాగగును కూడ. అది అతుకు సడలినదనుటకు గుర్తు కావచ్చును, వట్టి కాకతాళీయమును కావచ్చును. మరల మరల తట్టి అదే ఫలము చూడనిదే ఏది యగునో నిర్ణయింపరాదు. మా పెట్టెయం దీ లక్షణము లేవియు లేవు. ఎట్లు వంచినను, ఏ గోడకు తగిలించినను మ్రోత ఏకరీతిని సాగుచున్నది.

ఇక మిగిలినది అన్వయవ్యతిరేక పరీక్ష. ఇది యున్నచో అది యుండవలెను, ఇది లేనిచో అది లేకపోవలెను. రెండును కుదిరినప్పుడే కారణము కారణమనిపించుకొనును. ఇంట రౌటరునకు వాడుచున్న అడాప్టరు కూడ 12 వోల్టులదే. దానిని శ్రుతిపెట్టెకు తగిలించుటకు ముందు నాలుగు విషయములు చూడవలసియున్నది. వోల్టులు సమానముగా నుండవలెను; ఇందు రాజీ లేదు. ఆంపియర్లు సమానమో అధికమో కావలెను. 500 మిల్లీ ఆంపియర్ల పరికరమునకు ఒక ఆంపియరు అడాప్టరు పెట్టిన కాలిపోవునని పలువురు భయపడుదురు గాని అది వృథాభయము, బావిలో నీరెంత యున్నను మనము చేదుకొన్నదే మన బిందెలోనికి వచ్చును. పిన్ను కొలత సరిపోవలెను. పైకొలత రెండింటికి 5.5 మిల్లీమీటర్లే అయినను లోపలి రంధ్రము ఒకదానికి 2.1, మరియొకదానికి 2.5 ఉండుట కలదు, అట్టిచోట దూరినట్లే దూరి వదులుగా ఆడును. అన్నింటికంటె ముఖ్యమైనది ధ్రువము: నడిమి బొట్టు ధనమా, ఋణమా అన్నది మూడు వృత్తములు గీతతో కలిపిన చిన్న బొమ్మగా పెట్టెమీదనే ముద్రింపబడియుండును. ఇది తలక్రిందులైనచో పరికరము రక్షణ లేనిదైన యెడల క్షణములో భస్మము. మా యింట నాలుగును కుదిరినవి. రౌటరు అడాప్టరుతో శ్రుతిపెట్టె నిర్మలముగా పలికినది. పాతదానిని మరల తగిలింపగా మ్రోత మరల ప్రత్యక్షమైనది. పిల్ల ముఖము వికసించినది. "అయితే బోర్డు పోలేదన్నమాట!" అన్నది.

పోలేదు. కాని అడాప్టరునకు ఏమైనదో తెలిసికొనవలెనని నాకు కుతూహలము. కోఠిలో గుజరాతీ గల్లీ యున్నది. రెసిస్టరులు, కెపాసిటరులు, తీగచుట్టలు, మీటరులు అమ్ము ఇరుకు దుకాణముల వీథి. అచట మరమ్మతు చేయు నొక పెద్దమనిషి అడాప్టరును అందుకొని మీటరు కొసలను తగిలించెను. అది 16 వోల్టులకు పైగా చూపినది. పాతజాతి అడాప్టరులకు ఇది సహజమే. పని లేనపుడు ముద్రించినదానికంటె అధికముగానే చూపును. "ఊకె చూస్తే మంచిగనే ఉంటది సార్, బరువు పెడితే తెలుస్తది అసలు సంగతి" అని, సొరుగులోనుండి తీగలు అతికిన స్కూటరు పార్కింగు బల్బు నొకదానిని తీసెను. అది 12 వోల్టులు, 5 వాట్లు, అనగా 0.4 ఆంపియరునకు పైచిలుకు బరువు. బల్బు తగిలినదో లేదో మీటరులోని అంకె 16 నుండి 9కి జారినది. విశేషమేమనగా, బల్బు చక్కగనే వెలుగుచున్నది; సెకనునకు నూరుమార్లు ఎగిరిపడు వెలుగును కన్ను పట్టుకొనలేదు. మీటరును ఏసీ వైపు త్రిప్పగా నాలుగు వోల్టులకు పైగా చూపినది. డీసీ యని ముద్ర వేసికొన్న పెట్టెనుండి అంత ఏసీ! (కొన్ని చౌకరకపు మీటర్లు ఈ పరీక్షలో అబద్ధమాడును, అతని మీటరు అట్టిది గాదు.) బరువు లేని మీటరు మోసపోయినది, కన్ను మోసపోయినది, మొదటినుండియు నిజము చెప్పినది పాడు పిల్ల చెవి యొక్కటే.

పెట్టెకు మరలు లేవు. రెండు ప్లాస్టిక్కు చిప్పలను కరగించి అతికియుండిరి. తెరువవలదనియే తయారుచేసినవాని ఆజ్ఞ. అతడు హాక్సా బ్లేడుతో అతుకు వెంబడి నాలుగు వైపుల కోసి, సుత్తి పిడితో తట్టి విడదీసెను. లోపల ఇనుపరేకుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటరు, అంతే. ఆ కెపాసిటరు తల చదునుగా నుండవలసినది ఉబ్బి, పై గాటు వెంబడి చిట్లి, గోధుమవన్నె మరక యొకటి అంచున ఎండియున్నది. డయోడ్లనుండి అలలు అలలుగా వచ్చు విద్యుత్తును తనలో నింపుకొని, అల దిగినచోట తన నిల్వనుండి వెచ్చించి, సమతలముగా అందించుట దాని ధర్మము. నిల్వ చేయు శక్తి యుడిగిన పిమ్మట అలలు అలలుగనే పరికరమును చేరును. ఊరక యున్నపుడు మిగిలిన కొద్దిపాటి శక్తియే అలశిఖరమును పట్టి నిలుపును గనుక మీటరు 16 చూపును; బరువు పడగనే గుట్టు బయటపడును.

కెపాసిటరునకు ముసలితనము వచ్చుట వేడివలన. లోపలి ద్రవము మెల్లమెల్లగా ఆవిరియై పోవును. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది దాని ఆయుస్సు సగపడునని ఈ వృత్తిలోనివారు లెక్కకట్టుకొందురు. 105 డిగ్రీల యొద్ద 2000 గంటలు మన్నునని హామీ గల సరకు, పెట్టెలో 65 డిగ్రీలున్నచో 32 వేల గంటలు మన్నును. వినుటకు చాల గొప్పగా నున్నను, రేయింబవళ్లు ప్లగ్గులో నుండు అడాప్టరునకు అది నాలుగేండ్లకైనను చాలదు. 85 డిగ్రీల చౌకసరకు సంగతి చెప్పనక్కరలేదు. మన మే నెల వేసవిలో, గాలియాడని బీరువా వెనుక, కర్టెను కప్పుకొని కూర్చున్న పెట్టె పడు బాధ ఊహింపదగినది. పాతజాతి అడాప్టరులు పరికరమును ఆపివైచినను గోడ స్విచ్చు ఆపనంతవరకు వేడెక్కుచునే యుండును. చేయి పెట్టి చూచిన తెలియును.

అతడు 2200 మైక్రోఫారడ్లు, 25 వోల్టుల కొత్త కెపాసిటరును తీసి, "పాతది వెయ్యే సార్, జాగ ఉంది గద, పెద్దదే వేస్తున్న" అనుచు, గీతగల ఋణపు కాలును తగిన చోట పెట్టి అతికెను. మరల బల్బు తగిలించిరి. ఈ తూరి అంకె 12కు పైన నిలిచినది. ఏసీ వైపు అర వోల్టునకు దిగినది. చిప్పలను కలిపి నల్లటేపు చుట్టి చేతికిచ్చెను. కెపాసిటరు ధర టీ ధరకంటె ఎక్కువేమీ లేదు. కూలి మాత్రము కొంత తీసికొనెను, అది న్యాయమే.

ఈ మరమ్మతు చదివి ఉత్సాహపడి ఎవరును స్క్రూడ్రైవరు చేతబట్టవలదు. ఇప్పుడు రౌటరులకును, ల్యాప్‌టాపులకును వచ్చుచున్నవి తేలికజాతి అడాప్టరులు. అవి గోడ కరెంటును ముందుగనే డీసీగా మార్చి సుమారు 325 వోల్టులు కెపాసిటరులో నింపుకొని, పిదప దానిని సెకనునకు వేలకొలది మార్లు త్రుంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండ పంపును. ప్లగ్గు తీసిన తరువాత కూడ ఆ విద్యుత్తు కొంతసేపు లోపల పొంచియుండుట కలదు. అవి చెడుటకు ముందు చూపు గుర్తులు వేరు: టిక్కు టిక్కుమను సన్నని చప్పుడు, దీపము వెలిగి యారి వెలుగుట, పరికరము పని ఎక్కువైన వేళనే ఆగిపోవుట. అట్టిదానిని తెరువక, అదే కొలతల మంచి అడాప్టరు కొని మార్చుకొనుటయే మేలు. కొనునప్పుడు వెనుక ఐ.ఎస్. సంఖ్యయు, ఆర్ అక్షరముతో మొదలగు రిజిస్ట్రేషను సంఖ్యయు ఉన్నవేమో చూచుకొనవలెను. పాతదానిని ఇంటి చెత్తలో పారవేయరాదని పెట్టెమీద కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మయే చెప్పుచున్నది. 2023 ఏప్రిల్ 1 నుండి ఈ-వ్యర్థములకు కొత్త నియమములు అమలులోనున్నవి; దానిని ఈ-వ్యర్థములను సేకరించువారికి చేర్చుటయే తగును.

మరలు లేని పెట్టెలు తయారుచేయువారి మీద నాకు కోపము లేకపోలేదు. రెండు మరలు వేసిన వారికి కలుగు నష్టమెంత? పిల్లలు తెరచి షాకు కొట్టించుకొందురను వాదము కొంత సబబే. ప్రత్యేకమగు పనిముట్టుతో మాత్రమే ఊడివచ్చు మర వేసినను ఆ భయము తీరును. ఉబ్బిన కెపాసిటరు నొకదానిని మార్చలేక, రాగియు, ఇనుమును, ప్లాస్టిక్కును కలిసిన ముద్దను మొత్తముగా పారవేయవలసివచ్చుట మాత్రము ఏ వాదమునకును నిలువదు.

పాఠకులకు నాదొక మనవి. సొరుగులో నొకదానితో నొకటి పెనవేసికొన్న అడాప్టరులను నేడే బయటికి తీసి, ఏది ఏ పరికరమునకు చెందినదో, వోల్టు లెన్నియో, కొన్న సంవత్సర మేదో ఒక కాగితపు ముక్కమీద వ్రాసి దేనికి దానికి అంటింపుడు. ఇక మీదట ఏదేని పరికరము మూలిగినచో కొత్తది కొనుటకు ముందు దాని అడాప్టరును మార్చి చూడుడు.